ఒకే ఇంట్లో రెండు ఉపవాసాలు: శ్రమ దినాలను కలిసి ఆచరించిన ఒక జంట కేస్ స్టడీ

ఈ కేసులోని దంపతులు సికింద్రాబాదులో ఉంటారు. భర్త కృష్ణా జిల్లా నుంచి వచ్చిన సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం, ప్రొటెస్టంటు సంఘాలలో ఒకటి) కుటుంబానికి చెందినవారు, వయసు నలభైకి దగ్గర. భార్య గుంటూరు ప్రాంతపు కతోలిక కుటుంబంలో పుట్టి పెరిగారు, ఆయనకన్నా కొన్నేళ్లు చిన్న. ఇద్దరూ ఉద్యోగస్థులు. చిన్న పాప, భర్త తల్లి వారితోనే ఉంటారు. ఇద్దరి అనుమతితోనే ఈ వివరాలు రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న సంగతులను మార్చాను గాని, పండుగల తేదీలను ఉన్నవి ఉన్నట్టే ఉంచాను, ఎందుకంటే శ్రమ దినాల గురించి, అంటే ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలం గురించి, వీరి మధ్య వచ్చిన తగవులో సగం క్యాలెండరు తెచ్చిపెట్టినదే.

కేసు వచ్చిన తీరు

2024లో ఈస్టరు మార్చి 31న వచ్చింది. ఆ తరువాత కొద్ది వారాలకు భర్త సంఘపు అయ్యగారు (పాస్టరు) వీరిని దంపతుల సలహాదారునైన నా దగ్గరకు పంపారు. దంపతుల మధ్య మాటలు తగ్గాయని, ఇద్దరూ భక్తిపరులేనని, కారణం మాత్రం తనకు అంతుబట్టలేదని ఆయన నాతో చెప్పారు. మొదటి సమావేశంలో ముందుగా నోరు విప్పినది భార్య. "ఈస్టర్ అయిపోయిందండీ, మా ఇంట్లో శ్రమ దినాలు మాత్రం ఇంకా అయిపోలేదు" అన్నారామె.

జరిగినది ఇది. అంతకు ముందు ఏడాది భర్త తండ్రి తీవ్రమైన అనారోగ్యంతో ఆసుపత్రిలో చేరి, కోలుకొని ఇంటికి వచ్చి, కొన్ని నెలలకు మరణించారు. ఆ కోలుకున్న కాలానికి కృతజ్ఞతగా, వచ్చే శ్రమ దినాలను మునుపెన్నడూ ఆచరించనంత నిష్ఠగా ఆచరించాలని భర్త మనసులో తీర్మానించుకున్నారు. పొద్దుగూకేవరకు ఏమీ తినకుండా ఉండటం, తెల్లవారుజామున 5 గంటల ప్రార్థన కూడికకు రోజూ వెళ్లటం, ఇంట్లో టీవీ పెట్టకపోవటం, ఈస్టరు వరకు నీచు ముట్టకపోవటం, హాల్లో పడుకోవటం ఆ తీర్మానంలోని భాగాలు. ఈ సంగతి ఆయన తల్లికి తెలుసు, ప్రార్థన బృందంలోని మగవారికి తెలుసు. భార్యకు మాత్రం శ్రమ దినాలు మొదలయ్యే విభూది బుధవారం రాత్రి, ఫిబ్రవరి 14న, ఆయన దిండూ దుప్పటీ తీసుకొని హాల్లోకి వెళుతున్నప్పుడు తెలిసింది. ఆ రోజు వాలెంటైన్స్ డే కూడా కావటం యాదృచ్ఛికమే గాని, ఆమె దాన్ని మరిచిపోలేదు.

వారం తిరగకముందే పెళ్లిరోజు వచ్చింది. బయట భోజనం చేద్దామని ఆమె అడిగితే "శ్రమ దినాల్లో వేడుకలేమిటి?" అన్నది ఆయన జవాబు. తరువాత పాపకు ఉడకబెట్టిన కోడిగుడ్డు దగ్గర అత్తాకోడళ్ల మధ్య మాటా మాటా పెరిగింది. నలభై రోజులూ ఇంట్లోకి నీచు రాకూడదన్నది అత్తగారి పట్టు. రెండేళ్ల పిల్లకు శ్రమ దినాలేమిటన్నది కోడలి వాదన. ఆ వారం నుంచి భార్య కూడా భోజనం మానటం మొదలుపెట్టారు. అది దేవుని కోసం కాదని, "నేనూ ఉండగలనని ఆయనకు తెలియాలని" ఉన్నానని ఆమె దాచకుండా చెప్పారు. నాలుగో వారంలో భర్తకు ఆఫీసులో మధ్యాహ్నం చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. ఆయన మధుమేహానికి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ మాత్రలు వేసుకుంటారు, ఉపవాసమున్నా పొద్దుటి మాత్ర మానలేదు. సహోద్యోగి చక్కెర కలిపిన నీళ్లు తాగించి కూర్చోబెట్టాడు. ఈ సంగతి భార్యకు ఆ సహోద్యోగి భార్య ద్వారా తెలిసింది. శుభ శుక్రవారం నాటికి ఇద్దరూ ఎవరి గుడికి వారు వెళ్లారు.

నేపథ్యం

ఈ పెళ్లి 2020 ఫిబ్రవరిలో, ఆ ఏటి విభూది బుధవారానికి (ఫిబ్రవరి 26) ఆరు రోజుల ముందు, కతోలిక దేవాలయంలో జరిగింది. కతోలికులు ఇతర సంఘాలలో జ్ఞానస్నానం పొందినవారిని వివాహం చేసుకోవాలంటే శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 1124వ సూత్రం ప్రకారం అధికారిక అనుమతి కావాలి, అది తీసుకున్నారు. మన తెలుగు సంఘాలలో చాలావాటిలో శ్రమ దినాలలో పెళ్లిళ్లు చేయరు గనుక, ఇంకా ఆగితే ఏప్రిల్ వరకు కుదరదని రెండు కుటుంబాలూ తొందరపడి ఆ తేదీ పెట్టుకున్నాయి. ఈస్టరు మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 వరకు ఎప్పుడైనా రావచ్చు గనుక విభూది బుధవారం కూడా ఫిబ్రవరి 4కు, మార్చి 10కి మధ్య జరుగుతూ ఉంటుంది. కాబట్టి ఫిబ్రవరి మూడో వారంలో పెళ్లి చేసుకున్నవారి పెళ్లిరోజు కొన్నేళ్లు శ్రమ దినాల లోపల, కొన్నేళ్లు బయట పడుతుంది. వీరికి 2021లో లోపల పడింది గాని, అది కరోనా కాలం, ఎవరూ పట్టించుకోలేదు. 2022, 2023లలో బయటే ఉంది. 2024లో మళ్ళీ లోపలికి వచ్చేసరికి, ఆ ఇంట్లో దాని గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదన్న సంగతి బయటపడింది. ఈ చిక్కు గురించి పెళ్లికి ముందు జరిపే తరగతులలో ఎవరైనా ఒక్క మాట చెబితే బాగుంటుందని నాకు అనిపిస్తుంది.

ఇక్కడ నా స్థితి కూడా చెప్పటం న్యాయం. నేను పుట్టింది బాప్టిస్టు కుటుంబంలో. మా సంఘంలో శుభ శుక్రవారం, ఈస్టరు ఉన్నాయి గాని, శ్రమ దినాల ఆచారం లేదు. అందువల్ల ఈ దంపతులలో ఎవరి పద్ధతీ నాకు పుట్టింటి పద్ధతి కాదు. ఇద్దరూ నన్ను అనుమానించటానికి సమానమైన అవకాశం ఉండటం ఈ కేసులో మేలే చేసింది.

అంచనా

ముందు ఇద్దరితో విడివిడిగా మాట్లాడాను. కొట్టటం, బెదిరించటం, డబ్బు బిగించటం వంటివి లేవని, మానసిక కుంగుబాటు లక్షణాలు చికిత్స అవసరమయ్యే స్థాయిలో లేవని నిర్ధారించుకున్న తరువాతే ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టాను. తండ్రి మరణపు దుఃఖం భర్తలో ఇంకా పచ్చిగానే ఉంది. ఆయన నిష్ఠలో కొంత భాగం ఆ దుఃఖానిదే. దాన్ని వేరే సమావేశాలలో చూశాం, ఇక్కడ విస్తరించను.

ఇద్దరూ శ్రమ దినాలను గౌరవించేవారే అయినా, వారి మనసుల్లోని రూపాలు వేరు. భార్య పెరిగిన కతోలిక పద్ధతిలో తపస్సు కాలానికి (శ్రమ దినాలకు కతోలికుల పేరు) హద్దులు గీసి ఉన్నాయి. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (శుభ శుక్రవారం) ఉపవాసం, అంటే ఒక పూర్తి భోజనం, మిగతా రెండు పూటలా స్వల్పాహారం. ఆ రెండు రోజులతోపాటు ఆ కాలపు శుక్రవారాలన్నిటా మాంసం మానటం. 1252వ సూత్రం ప్రకారం మాంసం మానే నియమం పద్నాలుగేళ్లు నిండినవారికి, ఉపవాస నియమం పద్దెనిమిదేళ్ల నుంచి అరవయ్యో ఏడు మొదలయ్యేవరకు వర్తిస్తుంది. జబ్బుపడినవారికి, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు పట్టింపు లేదు. గుడ్లు, చేపలు మాంసం కిందకు రావు. శుక్రవారం సాయంత్రం సిలువ మార్గం (యేసు సిలువ ప్రయాణంలోని పద్నాలుగు ఘట్టాల దగ్గర ఆగి చేసే ప్రార్థన), ఈస్టరుకు ముందు పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవటం). ఇవన్నీ చేసినవారు తపస్సు కాలాన్ని ఆచరించినట్టే. అంతకు మించి చేయాలనుకుంటే అది వారి ఇష్టం.

భర్త సంఘంలో విభూది బుధవారపు ఆరాధన, వారం వారం సిలువ ధ్యానాల కూడికలు, శుభ శుక్రవారం మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు సిలువపై పలికిన ఏడు మాటల ధ్యానం ఉంటాయి గాని, ఎవరు ఏమి మానాలన్నది మనస్సాక్షికి వదిలేస్తారు. ఈ స్వేచ్ఛ గొప్పదే. అయితే హద్దు గీసి లేని చోట ఎంత చేసినా ఇంకా చేయవలసింది మిగిలినట్టే ఉంటుంది. భర్త కళ్లకు భార్య ఆచారం "లెక్క చూసుకొని చేసే భక్తి"గా కనబడింది. భార్య కళ్లకు భర్త ఆచారం "ఎవరినీ అడగని పంతం"గా కనబడింది. ఈ రెండు మాటలూ వారు నా ఎదుట ఒకరినొకరు అన్నవే.

ఆదివారాల సంగతి ఇంకో ముడి. విభూది బుధవారం నుంచి ఈస్టరు ముందురోజు వరకు 46 రోజులు. వాటిలోని ఆరు ఆదివారాలు పునరుత్థానాన్ని స్మరించుకునే రోజులు గనుక వాటిని తీసివేస్తే 40. ఈ లెక్క రెండు సంఘాలకూ ఒక్కటే, భర్త సంఘపు అయ్యగారు కూడా ఇదే చెబుతారు. అయినా భర్త ఇంట్లో తరతరాలుగా 46 రోజులూ నీచు మానటం అలవాటు. కాబట్టి ఆదివారం కోడికూర వండమన్న భార్య సంఘ నియమాన్ని మీరలేదు, వద్దన్న అత్తగారు అబద్ధం చెప్పలేదు. ఒకరు సంఘపు లెక్క చెబుతున్నారు, మరొకరు ఇంటి ఆనవాయితీ చెబుతున్నారు. ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో తేలేసరికి కోపంలో కొంత వేడి దిగింది.

అయితే నా అంచనాలో అసలు సమస్య సిద్ధాంతాలది కాదు. దాన్ని పైకి తీయటానికి ఇద్దరికీ చెరొక కాగితం ఇచ్చి, 2024 శ్రమ దినాలలోని ఒక మామూలు శుక్రవారాన్ని నిద్ర లేచినప్పటి నుంచి పడుకునేవరకు గుర్తున్నంతవరకు రాయమన్నాను. తాము చేసిన పనులు మాత్రమే రాయాలి, తమ మనసులో ఏమనిపించిందో రాయకూడదు. భర్త కాగితంలో కొన్ని పంక్తులే ఉన్నాయి: ప్రార్థన కూడిక, ఆఫీసు, మళ్ళీ కూడిక, భోజనం, పడక. భార్య కాగితం రెండో వైపుకు తిరిగింది. తెల్లవారుజామున ఆయన లేచిన చప్పుడుకు లేచిన పాపను మళ్ళీ నిద్రపుచ్చటం, అత్తగారికి ఉప్పు తగ్గించిన వంట, పాపకు వేరే వంట, తనకు డబ్బా, పాపను బడిలో దింపటం (మునుపు ఇది భర్త పని), ఆఫీసు, సాయంత్రం ఆయన ఉపవాసం విడవటానికి పళ్ల ముక్కలు, జావ, వేడి వేడి భోజనం, ఆయన కూడిక నుంచి ఆలస్యంగా వస్తే మళ్ళీ వేడిచేయటం, బంధువుల ఫోన్లకు "ఆయన ఉపవాసంలో ఉన్నారు" అని జవాబు చెప్పటం. ఆ రోజు ఆమె సిలువ మార్గానికి వెళ్లలేకపోయారు. భర్త ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. మొదట వివాదానికి దిగారు, పాపను బడిలో దింపటం గురించి, అది కొన్ని రోజులేనని. తరువాత ఊరుకున్నారు.

నేను యెషయా గ్రంథం 58వ అధ్యాయం తెరవమన్నాను. ఉపవాస దినాన కూడా తమ పని తాము చూసుకుంటూ, పనివారిచేత కఠినంగా పని చేయించుకొనేవారిని ప్రవక్త అక్కడ నిలదీస్తాడు. భర్త ఆ అధ్యాయం మీద కూడికలో వాక్యం చెప్పినవారే. ఇంట్లో ఆ పనివారు ఎవరన్న ప్రశ్న మాత్రం అంతకు ముందు ఆయనకు తట్టలేదు. ఒకరి ఉపవాసానికి మరొకరి చేతులు పనిచేస్తూ, ఆ పనికి వారి సమ్మతి అడగకపోవటమే ఈ కేసులోని మూలకారణమని నేను నమోదు చేసుకున్నాను. మిగతావన్నీ, కోడిగుడ్డుతో సహా, దాని కొమ్మలే.

పడక సంగతి వేరుగా మాట్లాడవలసి వచ్చింది. భర్త దాన్ని ఆత్మనిగ్రహంగా భావించారు. కారణం చెప్పనందువల్ల భార్య దాన్ని తన మీద విముఖతగా అర్థం చేసుకున్నారు. ఇప్పటి కతోలిక చట్టంలో గాని, సి.ఎస్.ఐ. ఆచారంలో గాని శ్రమ దినాలలో దంపతులు దూరంగా ఉండాలన్న నియమం లేదు. దూరంగా ఉండదలిస్తే దానికి పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయంలో పెట్టిన షరతులున్నాయి: ఇద్దరి సమ్మతి ఉండాలి, కొంతకాలానికే కావాలి, ప్రార్థన కోసం కావాలి, తిరిగి కలుసుకోవాలి. భర్త తీర్మానంలో ప్రార్థన ఉంది, గడువు ఉంది, సమ్మతి లేదు. ఈ వాక్యం ఆయనకు కంఠతా వచ్చు. దాన్ని ఇద్దరూ కలిసి, ఒకే బైబిలులోంచి, నెమ్మదిగా చదవటం అదే మొదటిసారి.

2025కు చేసుకున్న ఏర్పాటు

2025లో విభూది బుధవారం మార్చి 5న, ఈస్టరు ఏప్రిల్ 20న వచ్చాయి. క్రిస్మస్ సందడి తగ్గిన జనవరిలోనే ఏర్పాటు మొదలుపెట్టాం. నా అనుభవంలో విభూది బుధవారం వచ్చాక కూర్చుంటే అప్పటికే ఎవరో ఒకరు ఏదో ఒకటి తీర్మానించుకొని ఉంటారు, దాన్ని కదిలిస్తే భక్తిని కదిలించినట్టవుతుంది.

మొదట వైద్యుని సలహా. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి గనుక, వాటిని వేసుకొని పూటలు మానితే రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకన్నా కిందికి పడిపోయే ప్రమాదం ఉంది. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవారిలో ఈ ప్రమాదం తక్కువ. ఆయన వైద్యుడు పొద్దుగూకేవరకు ఉండే ఉపవాసం వద్దని ఖచ్చితంగా చెప్పారు. భర్తకు ఇది నిజంగా కష్టమైంది. ఆకలికన్నా ప్రార్థన బృందంలోని మగవారి ఎదుట తలెత్తుకోలేకపోతానన్న భయమే ఆయనకు ఎక్కువగా ఉందని మాటల్లో తేలింది. ఉపవాసమున్నట్టు మనుష్యులకు కనబడవద్దని మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాట ఇక్కడ పనికొచ్చింది: ఎవరికీ కనబడకూడని దాన్ని మానుకున్నా ఎవరికీ కనబడదు. ఆయన సాయంత్రం టీ, దానితోపాటు తినే మిర్చి బజ్జీలు, రాత్రి ఫోను మానటానికి ఒప్పుకున్నారు. "ఇది కూడా ఉపవాసమేనా?" అని ఒకటి రెండుసార్లు అడిగారు. రాత్రి ఫోను పక్కన పెట్టటం మొదలుపెట్టాక ఆ ప్రశ్న మళ్ళీ రాలేదు.

తరువాత ఇద్దరూ కలిసి ఒక పేజీ రాసుకున్నారు. దానిలో ఏమి ఉండకూడదో ముందు చెప్పాను: ఒకరి తరఫున మరొకరు రాయకూడదు, ఎక్కువ రాయకూడదు. ఆ పేజీలో చివరకు మిగిలినవి ఇవి. రాత్రి పాప పడుకున్నాక పావుగంట సేపు ఇద్దరూ కలిసి మార్కు సువార్తలోంచి కొంత చదివి, కాసేపు మౌనంగా ఉండి, ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పుకోవాలి. పదహారు అధ్యాయాలను 40 రోజులకు పంచితే రోజుకు అధ్యాయంలో సగంకన్నా తక్కువే. శుభ శుక్రవారానికి ముందున్న ఆరు శుక్రవారాలలో మూడు సాయంత్రాలు భార్య విచారణలో (ఆమె గుడికి చెందిన కతోలిక సంఘంలో) సిలువ మార్గానికి, మూడు సాయంత్రాలు భర్త సంఘపు కూడికకు ఇద్దరూ కలిసి వెళ్లాలి. శుక్రవారాలు ఇంట్లో నీచు ఉండదు. ఆదివారాలు వండుకోవచ్చు. పాపకు గుడ్డు ఏ రోజైనా పెట్టవచ్చు. తెల్లవారుజాము కూడికకు భర్త వారంలో రెండు రోజులే వెళ్లాలి, మిగతా రోజులు పాపను తయారుచేసి బడిలో దింపాలి. శుక్రవారం వంట ఆయనదే. మానుకున్నవాటి వల్ల మిగిలిన డబ్బు ఒకే హుండీలో వేయాలి. ఇక ఎవరైనా వ్యక్తిగతంగా మరేదైనా మానుకుంటే, ఇంట్లో మరొకరికి పని పెంచనంతవరకు, దాని గురించి అడగనవసరం లేదు, చెప్పనవసరమూ లేదు.

ఈ చివరి నియమం మీద నాకు మిగతా వాటికన్నా ఎక్కువ నమ్మకం. దంపతులు కలిసి ఆచరించటమంటే ప్రతిదీ జంటగా చేయటమని కొందరు సలహాదారులు భావిస్తారు. అలా చేయబోతే ఒకరి ఉపవాసానికి మరొకరు కాపలాదారు అవుతారు. ఉమ్మడిగా చేసేది చిన్నదిగా, విడిగా చేసేది గుప్తంగా ఉంటేనే ఇద్దరికీ ఊపిరాడుతుంది.

అత్తగారితో మాట్లాడే బాధ్యత కొడుకు తీసుకున్నారు. ఇది నేను పట్టుబట్టిన ఒకే ఒక్క విషయం. ఆ పేజీ కోడలు చేతిలో కనబడితే అది కోడలి చట్టమవుతుంది, కొడుకు నోట వినబడితే ఇంటి మాట అవుతుంది. ఆవిడ శుక్రవారాల పద్ధతికి సంతోషించారు, ఆదివారపు కూరకు మూతి ముడిచారు, గుడ్డు గురించి "మీ ఇష్టం" అన్నారు.

ఆ 46 రోజులు

మొదటి రెండు వారాలు ఏర్పాటు చక్కగా సాగింది. ఆ తరువాత పాపకు జ్వరం వచ్చి రాత్రి ప్రార్థన కొన్ని రోజులు ఆగిపోయింది. ఆగిన దాన్ని మళ్ళీ మొదలుపెట్టటం దగ్గర చాలా జంటలు తడబడతాయి, ఎందుకంటే "నువ్వు పిలవలేదు, నేను పిలవలేదు" అన్న లెక్క మొదలవుతుంది. అందుకని ఆగితే మళ్ళీ పిలవవలసినది ఎవరో ముందే రాయించాను: సరి తేదీలలో ఆమె, బేసి తేదీలలో ఆయన. ఇది వినటానికి పిల్లల ఆటలా ఉంటుంది గాని, అలకకు చోటివ్వదు. పోయిన అధ్యాయాలను తిరిగి చదవకుండా ఆ రోజు దగ్గర నుంచే మొదలుపెట్టారు.

మార్చి 30 ఆదివారం ఉగాది. పక్కింటివారు బొబ్బెట్లు, పులిహోర పంపారు. తినవచ్చా అన్నదానిపై ఇంట్లో రెండు చర్చలు ఒకేసారి నడిచాయి. శ్రమ దినాలలో తీపి తినవచ్చా అన్నది ఒకటి, పండుగనాటి పదార్థం క్రైస్తవులు తినవచ్చా అన్నది మరొకటి. మొదటిదానికి ఆదివారం అన్న జవాబు పేజీలోనే ఉంది. రెండోదాని మీద భర్త, ఆయన తల్లి ఒకవైపు, భార్య మరోవైపు. చివరకు భార్య, పాప తిన్నారు, మిగతా ఇద్దరూ తినలేదు, పక్కింటివారికి కృతజ్ఞతలు అందరి తరఫున వెళ్లాయి. ముందు ఏడాది అయితే ఇది నాలుగు రోజుల మౌనానికి దారితీసేదని భార్య అన్నారు.

హుండీ డబ్బు మీద ఇంతకన్నా గట్టి తగవు వచ్చింది. మొత్తాన్ని ఈస్టరు కానుకగా గుడిలో వేయాలని భర్త, ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురి కళాశాల ఫీజుకు ఇవ్వాలని భార్య. ఈ సంగతి పేజీలో లేదు. నేను తీర్పు చెప్పలేదు. రెండుగా పంచి, సగం భర్త సంఘంలో, సగం ఆ అమ్మాయి ఫీజుకు ఇచ్చారు. ఇది నాకు అంత తృప్తినిచ్చిన పరిష్కారం కాదు. సగం సగం చేయటం తరచు మాట్లాడుకోకుండా తప్పించుకునే మార్గమే. అయినా వారి డబ్బు, వారి నిర్ణయం.

శుక్రవారం వంట భర్తకు కలిసివచ్చింది. పప్పు, బీరకాయ కూర, చారు వండటం నేర్చుకున్నారు. అంతకన్నా ముఖ్యమైనదేమిటంటే, ఆ సాయంత్రాలు కూడికకు వెళ్లేముందు వంట ముగించాలంటే ఎంత తొందరపడాలో ఆయనకు తెలిసింది. సిలువ మార్గంలోని పద్నాలుగు స్థలాల దగ్గర మోకరించి లేవటం మొదట్లో ఆయనకు పరాయిగా ఉండేది. వాటిలో కొన్ని, ఉదాహరణకు వెరోనిక యేసు ముఖాన్ని తుడిచిన ఘట్టం, సువార్తల్లో లేవన్న అభ్యంతరం చెప్పారు. అది నిజమేనని, సంప్రదాయంగా వచ్చినదని ఆమె ఒప్పుకున్నారు. ఆ స్థలం దగ్గర ఆయన నిలబడి ఉంటారు, ఆమె మోకరిస్తారు. భార్య వైపున, సి.ఎస్.ఐ. కూడికలో సిలువ శ్రమల కీర్తనలు గంటసేపు నెమ్మదిగా పాడటం ఆమెకు బాగా నచ్చింది.

పరిశుద్ధ వారంలో (ఈస్టరుకు ముందు వారంలో) దంపతులు దూరంగా ఉండాలని ఇద్దరూ కలిసి అనుకున్నారు. ఈసారి మాట్లాడుకొని అనుకున్నారు, ఈస్టరుతో ముగుస్తుందని అనుకున్నారు, ఒకే గదిలో ఉండి అనుకున్నారు. దీని గురించి నేను ఇంతకన్నా రాయను.

తేలనిది

పవిత్ర గురువారం తేలలేదు, తేలేది కూడా కాదు. ఆ సాయంత్రం ప్రభువు కడరా భోజనాన్ని ఏర్పాటు చేసిన సందర్భాన్ని స్మరించుకునే వేళ, వీరిద్దరూ ఒకే బల్ల దగ్గర ప్రభు భోజనంలో పాలుపంచుకోలేరు. సి.ఎస్.ఐ. సంఘం ఇతర సంఘాలలో ఆ సంస్కారం తీసుకునేవారిని సాధారణంగా ఆహ్వానిస్తుంది. కతోలిక చట్టం 844వ సూత్రం మాత్రం తమవారిని అక్కడ తీసుకోనివ్వదు, ఇతరులకు తమ దగ్గర అరుదైన పరిస్థితులలో తప్ప ఇవ్వనివ్వదు. దంపతులను విచారణ గురువుల దగ్గరకు, అయ్యగారి దగ్గరకు పంపాను. ఇద్దరూ ఆదరంగా మాట్లాడారు, ఇద్దరూ తమ సంఘపు నియమాన్నే చెప్పారు. ఆ రాత్రి ఇంట్లో ఒకరి పాదాలు ఒకరు కడుగుకుందామని భార్య అడిగారు. భర్త ఇబ్బందిపడి వద్దన్నారు, ఆమె బలవంతపెట్టలేదు. వేర్వేరు సంఘాల దంపతులతో పనిచేసే సలహాదారు ఇక్కడ ఏదో ఒక ప్రత్యామ్నాయం కనిపెట్టి చేతిలో పెట్టాలని ఉబలాటపడకూడదని నా అభిప్రాయం. ఆ లోటు వారి కాపురం చేసిన తప్పు వల్ల వచ్చినది కాదు, శతాబ్దాల నుంచి సంఘాల మధ్య ఉన్నది. అది లోటేనని ఒప్పుకొని పక్కపక్కన కూర్చోవటం వారు చేయగలిగినది, చేశారు.

శుభ శుక్రవారం, ఏప్రిల్ 18న, మధ్యాహ్నం ఏడు మాటల ధ్యానానికి ఆయన సంఘంలో, సాయంత్రం సిలువ ఆరాధనకు ఆమె విచారణలో ఇద్దరూ కలిసి ఉన్నారు. మధ్యలో భర్త చక్కెర చూసుకొని జావ తాగారు. ఈస్టరు తరువాత ఇద్దరినీ విడివిడిగా, 2024లో అడిగిన ప్రశ్నలే మళ్ళీ అడిగాను. శ్రమ దినాలు ఎప్పుడు అయిపోతాయా అని ఎదురుచూశారా అన్న ప్రశ్నకు భార్య లేదన్నారు. భర్త, కొంచెం ఆలోచించి, టీ విషయంలో ఎదురుచూశానన్నారు.

2026లో విభూది బుధవారం ఫిబ్రవరి 18, వారి పెళ్లిరోజు దాని తరువాతి మొదటి శుక్రవారమే. ఇద్దరూ డిసెంబరులోనే కూర్చొని, ఆ ఉదయం పెళ్లయిన దేవాలయానికి వెళ్లాలని అనుకొని, భోజనం 22వ తేదీ ఆదివారానికి మార్చుకున్నారు. కొత్త పేజీలో హుండీ డబ్బు ఎక్కడికి వెళ్లాలో కూడా ముందే రాసుకున్నారు.

ఇతర సలహాదారులకు

ఈ పద్ధతిని అన్ని జంటలకూ వాడవద్దు. ఇంట్లో హింస, బెదిరింపు ఉన్నచోట ఉమ్మడి నియమం బలవంతుని చేతిలో మరో కర్ర అవుతుంది. అక్కడ ముందు భద్రత చూడాలి, శ్రమ దినాలు తరువాత. తిండికి సంబంధించిన మానసిక రుగ్మత ఇద్దరిలో ఎవరికైనా ఉంటే ఆహారం మానటాన్ని పేజీలోంచి పూర్తిగా తీసివేయాలి, మాట, ఫోను, ఖర్చు వంటివి చాలు. గర్భిణి అయిన భార్యను, పాలిచ్చే తల్లిని ఉపవాసం ఉండమని సంఘం అడగదన్న సంగతి అత్తమామలకు అయ్యగారి చేత గాని, గురువుల చేత గాని చెప్పించటం మనం చెప్పటంకన్నా త్వరగా పనిచేస్తుంది. భర్త ఒకరే విశ్వాసి అయి, భార్య కాకపోతే, లేదా అటుది ఇటైతే, రాత్రి ప్రార్థనను ఉమ్మడి అంశంగా పెట్టకుండా పని పంపకం, హుండీ మాత్రమే పెట్టటం మేలు. ఒక రోజు పనులను ఇద్దరి చేతా రాయించే కాగితాన్ని మాత్రం ఏ జంటతోనైనా మొదటే చేయించాలి, పేజీ రాయటం ఆ తరువాతే మొదలుపెట్టాలి.